పెడల్ మెత్తబడ్డ పాత పికప్‌కి ఏ పనిముట్టు కొనాలి, ఏది దండగ

పదేళ్లు దాటిన పికప్‌ని "బ్రేకు లూజుగా ఉంది" అని షెడ్డుకు తెస్తే మొదట ఎయిర్ తీస్తారు, అంటే బ్రేక్ ఆయిల్ పైపుల్లో చిక్కిన గాలిని బయటికి పంపుతారు. మెత్తదనం పోకపోతే మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకు తోసే భాగం) కిట్టు, అంటే కొత్త రబ్బర్లు వేస్తారు. అప్పటికీ పోకపోతే మాస్టర్‌నే మార్చి మళ్లీ ఎయిర్ తీస్తారు. ఇంతా చేశాక చూస్తే వెనక డ్రమ్ముకీ, దాన్ని లోపలి నుంచి పట్టే షూల లైనర్లకీ మధ్య సందు పెరిగి ఉంటుంది. అడ్జస్టర్ నాలుగు పళ్లు తిప్పితే పోయే జబ్బు అది. ఈ జబ్బులో డబ్బు కారిపోయేది రిపేరు దగ్గర కాదు, జాడ తెలియకుండా సామాను మార్చే దగ్గర.

అందుకే ఈ సమీక్షలో ప్రతి పనిముట్టునీ ఒకటే అడిగాం: జబ్బు ఎక్కడుందో ఇది చెబుతుందా? ఎయిర్ బాగా తీస్తుందా అన్నది రెండో మాట. బండి అంటే బొలెరో పికప్ తరహాది అనుకోండి. డీజిల్ ఇంజను, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, కాలి బలాన్ని పెంచే వాక్యూమ్ బూస్టరు, ఏబీఎస్ (చక్రాలు లాక్ కాకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) లేదు. ఏబీఎస్ ఉన్న బండిలో మాడ్యూల్ లోపలికి గాలి వెళ్తే స్కానర్ లేకుండా పని తెమలదు, దాని సంగతి వేరు. బ్రాండ్ల పేర్లు చెప్పడం లేదు. ఒకే అచ్చులో పోసిన పంపు రకరకాల స్టిక్కర్లతో కనిపిస్తోంది కాబట్టి పేరుకన్నా వస్తువులో ఏం చూడాలో తెలిస్తే చాలు.

ముందు పైసా ఖర్చులేని పరీక్ష

ఇంజను ఆపి పెడల్‌ని ఐదారు సార్లు తొక్కితే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఖాళీ అవుతుంది. ఆ తర్వాత కాలికి తగిలేదే అసలు పెడల్. ఇంజను నడుస్తుంటే బూస్టరు సాయం వల్ల ఏ పెడలైనా కాస్త మెత్తగానే ఉంటుంది, దాన్ని చూసి కంగారుపడి మాస్టర్ మార్చినవాళ్లు ఉన్నారు. వాక్యూమ్ లేకుండా తొక్కినప్పుడు పెడల్ గట్టిగా, పైనే ఆగితే హైడ్రాలిక్ వైపు పెద్దగా తప్పు లేదని అర్థం.

మెత్తదనం ఒకే రకం కాదు. తొక్కుతుంటే స్పాంజిలా అణిగి, కాలు తీస్తే స్ప్రింగులా తన్నితే అది గాలి, లేదా ఉబ్బుతున్న హోసు. బాగా కిందికి దిగి, అక్కడ రాయిలా ఆగి, వెంటనే రెండోసారి తొక్కితే పైకి వస్తే డ్రమ్ముల్లో సందు ఎక్కువైంది. ఒకే బలంతో నిమిషం సేపు తొక్కిపట్టి ఉంచినప్పుడు నెమ్మదిగా నేలవైపు జారుతుంటే మాస్టర్ లోపలి రబ్బరు కప్పు ఆయిల్‌ని వెనక్కి వదులుతోంది, లేదా ఎక్కడో బయటికి కారుతోంది. గతుకుల రోడ్డు మీదో మలుపు తర్వాతో మొదటి తొక్కు మాత్రమే లోతుకు పోయి, రెండోది బాగుంటే ముందు చక్రాల బేరింగుల్లో ఆట (వదులు) ఉందేమో చూడాలి. డిస్కు ఊగి ప్యాడ్లను వెనక్కి నెడుతుంటే ఇలా అవుతుంది. ఈ మెత్తదనం ఆగి ఉన్న బండిలో కనిపించదు.

ఇక మారేడుమిల్లి ఘాటో, అనంతగిరి నుంచి కిందికి దిగే అరకు ఘాటో లోడుతో దిగుతుంటే మెత్తబడి, అరగంట ఆగాక మామూలయ్యే పెడల్ ఉంటుంది. అది ఆయిల్ మరగడం. నీళ్లు పీల్చిన ఆయిల్ వేడికి ఆవిరి బుడగలు కడుతుంది, చల్లారితే బుడగ మళ్లీ నీరవుతుంది. దీనికి విరుగుడు పాత ఆయిల్ మొత్తం తీసి కొత్తది పోయడం. ఒక్క మాట గుర్తుంచుకోవాలి: ఆయిల్‌లో తేమ ఉన్నంత మాత్రాన చల్లటి బండిలో పెడల్ మెత్తబడదు. "ఆయిల్ నల్లబడింది, అందుకే లూజయింది" అని షెడ్డులో చెబితే పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పెడల్ ఎలా ఉందో అడగండి.

గాలికీ సందుకీ తేడా ఎందుకు పట్టించుకోవాలో ఒక చిన్న లెక్క చెబుతుంది. మాస్టర్ బోరు 25.4 మిల్లీమీటర్లు, అంటే అంగుళం అనుకుందాం. దాని వైశాల్యం దాదాపు 5 చదరపు సెంటీమీటర్లు. లైన్లో 1 మిల్లీలీటరు గాలి ఉంటే గట్టిగా తొక్కినప్పుడు అది దాదాపు పూర్తిగా నలిగిపోతుంది. ఆ ఖాళీ నింపడానికి పిస్టన్ 2 మిల్లీమీటర్లు అదనంగా కదలాలి. పెడల్ నిష్పత్తి 5 అయితే కాలి దగ్గర అది 10 మిల్లీమీటర్లు. ఇప్పుడు వెనక డ్రమ్ములు చూద్దాం. షూలను తోసే 22 మిల్లీమీటర్ల వీల్ సిలిండర్‌లో ఒక్కో పిస్టన్ 1 మిల్లీమీటరు ఎక్కువ తోయాల్సి వస్తే, రెండు చక్రాల నాలుగు పిస్టన్లకూ కలిపి ఒకటిన్నర మిల్లీలీటర్లు. పెడల్ దగ్గర 15 మిల్లీమీటర్లు! గాలి ఒక్క చుక్క లేకపోయినా పెడల్ కిందికి దిగడం వెనక ఉన్న లెక్క ఇదే.

హోస్ క్లాంపులు: ముందుగా కొనాల్సినవి

రబ్బరు బ్రేక్ హోస్‌ని బయటి నుంచి నొక్కి దారి మూసే క్లాంపులివి. వందల్లో దొరికే వస్తువు. ఈ బండికి మూడు కావాలి, ముందు చక్రాలకు రెండు, ఛాసిస్ నుంచి వెనక యాక్సిల్‌కి దిగే హోస్‌కి ఒకటి. జబ్బు ఏ చక్రం వైపు ఉందో నేరుగా చెప్పే పనిముట్టు ఇక్కడ ఇదొక్కటే.

వాడే తీరు ఇది. బండిని సమనేల మీద నిలిపి, చక్రాలకు దిమ్మలు పెట్టండి. వాక్యూమ్ ఖాళీ చేసి, పెడల్ రబ్బరు నుంచి ఫ్లోర్ దాకా టేపుతో కొలవండి. తొక్కిపట్టి మళ్లీ కొలవండి. ఇప్పుడు మూడు హోసులూ మూసి, అదే బలంతో తొక్కండి. పెడల్ పైనే రాయిలా ఆగితే మాస్టర్ బాగున్నట్టే, జబ్బు క్లాంపుల అవతల ఉంది. మూడూ మూసినా మెత్తగానే ఉంటే జబ్బు మాస్టర్‌లోనో, ఛాసిస్ మీది ఇనుప పైపుల్లో నిలిచిన గాలిలోనో ఉంది, చక్రాల జోలికి పోనక్కర్లేదు.

గట్టిగా ఉన్న పెడల్‌తో మొదలుపెట్టి, ఒక్కో క్లాంపు విప్పుతూ కొలత రాసుకోవాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఏ క్లాంపు విప్పినా పెడల్ కొంత దిగుతుంది, అది సహజం, ఎందుకంటే ఆ చక్రానికి కూడా ఆయిల్ పోవాలి. చూడాల్సింది ఎడమ ముందు, కుడి ముందు చక్రాల మధ్య తేడా. రెండిటికీ ఒకే రకం కాలిపర్ (డిస్కుని ప్యాడ్లతో పట్టే భాగం) ఉంటుంది కాబట్టి రెండు వైపులా దిగుడు దాదాపు సమానంగా ఉండాలి. ఒక వైపు 5 మిల్లీమీటర్లు, మరో వైపు 15 వస్తే దొంగ దొరికినట్టే. వెనక క్లాంపు విప్పగానే బాగా దిగి, దిగిన చోట గట్టిగా ఉంటే సందు, స్ప్రింగులా ఉంటే గాలి.

ఇంకో ఉపాయం. క్లాంపుని ఛాసిస్ పైపుకి దగ్గరగా ఒకసారి, కాలిపర్‌కి దగ్గరగా ఒకసారి వేసి చూడండి. కిందికి జరిపినప్పుడు పెడల్ మెత్తబడితే ఉబ్బుతున్నది హోసే. తోడుగా ఒకరు తొక్కుతుంటే హోస్‌ని పిడికిట్లో పట్టుకున్నా ఆ పొంగు తెలుస్తుంది.

కొనేటప్పుడు దవడలు చూడండి. నున్నగా, గుండ్రంగా ఉండాలి. పళ్లున్న దవడలు, వైస్‌గ్రిప్ ప్లయర్లు హోస్ లోపలి పొరను చీలుస్తాయి. ఆ పొర లోపల తలుపులా వేలాడితే ఆయిల్ వెళ్తుంది గానీ వెనక్కి రాదు, చక్రం పట్టేసి కాగిపోతుంది. చౌక రకాల్లో ప్లాస్టిక్ దవడలవి ఉన్నాయి, పాత గట్టి హోస్‌ని పూర్తిగా మూయలేక వంగిపోతాయి. సగం మూసిన క్లాంపు అబద్ధపు సాక్ష్యం చెబుతుంది. స్టీలు దవడలు, మర బిగింపు ఉన్నవే తీసుకోవాలి.

లోపం కూడా ఉంది. హోస్‌ని చేత్తో వంచినప్పుడు పగుళ్లు నోరు తెరిస్తే దానికి క్లాంపు వేయకూడదు, ముందు హోస్ మార్చాలి. స్టీలు అల్లిక హోసులకు అసలే వాడకూడదు. క్లాంపు వేసిన బండిని అంగుళం కూడా నడపకూడదు.

డమ్మీ ప్లగ్గులు: కొనకండి, చేయించుకోండి

మాస్టర్ నుంచి పైపులు విప్పి, ఆ రంధ్రాలు మూసి తొక్కితే మాస్టర్ మంచిదో కాదో నిమిషంలో తేలిపోతుంది. పెడల్ కొద్దిగా కదిలి గోడకు తన్నినట్టు ఆగాలి. మెత్తగా ఉంటే మాస్టర్‌లోనే గాలి ఉంది, జారుతుంటే కప్పులు పోయాయి. ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష లేదు.

సెట్లుగా అమ్మే ప్లగ్గులతో చిక్కేమిటంటే మరలు కలిసినా కొన సీటుకి సరిపోకపోవచ్చు. రంధ్రం లోపల పైపు ఫ్లేర్ (విప్పారిన కొస) కూర్చునే వాలు ఉంటుంది, అదే సీటు. మామూలు బోల్టు దాన్ని మూయలేదు, పైగా సీటు గీసేస్తుంది. M10 మరలో కూడా 1.0 పిచ్ (మరల మధ్య దూరం) వేరు, 1.25 పిచ్ వేరు, బలవంతంగా తిప్పితే మాస్టర్ మరలు పోతాయి. స్క్రాపులో అదే మోడల్ బ్రేక్ పైపు ఒకటి దొరికితే నట్టూ ఫ్లేరూ ఉన్న కొసని రెండు అంగుళాలు కోయించి, రెండో కొసని నలిపి మడిచి ఇత్తడితో వెల్డింగ్ చేయించండి. సాల్డరింగ్ ఈ ఒత్తిడికి నిలవదు. ఇలాంటివి రెండుంటే అసలు సెట్టు అక్కర్లేదు.

పైపు నట్టు విప్పడానికి మామూలు డీ పానా వాడితే అంచులు గుండ్రమైపోతాయి. నట్టు చుట్టూ పట్టి, పైపు దూరేంత సందు మాత్రమే ఉన్న ఫ్లేర్ నట్ పానా కొనండి, 10, 11 నంబర్లు. ఈ సమీక్షలో క్లాంపుల తర్వాత డబ్బు పెట్టాల్సిన వస్తువు అదే.

చేతి వాక్యూమ్ పంపు: ఆశ ఎక్కువ, పని వేరే చోట

పిస్తోలు ఆకారంలో పిడి, వాక్యూమ్ కొలిచే గేజీ, చిన్న డబ్బా, ట్యూబులు, రబ్బరు కొసలు, అన్నీ ప్లాస్టిక్ పెట్టెలో వస్తాయి. "ఒక్కరే ఎయిర్ తీసుకోవచ్చు" అన్నది ప్రకటన. తీయొచ్చు, కానీ అది ఎప్పుడు అయిపోయిందో ఇది చెప్పలేదు.

కారణం నిప్పిల్ మరలు. నిప్పిల్ అంటే చక్రం దగ్గర గాలిని బయటికి వదిలే బోలు స్క్రూ. నిప్పిల్ వదులు చేసి లాగితే మరల సందుల్లోంచి బయటి గాలి కూడా ట్యూబులోకి వస్తుంది. బుడగలు ఆగవు. అర లీటరు ఆయిల్ లాగినా బుడగలు వస్తూనే ఉంటాయి, చేసేవాడు లైన్లో ఇంకా గాలి ఉందనుకుంటాడు. నిప్పిల్‌ని పావు చుట్టుకు మించి తెరవకపోవడం, మరల మొదట్లో సిలికాన్ గ్రీజు రాయడం కొంత సాయపడతాయి. గ్రీజు కొన మీద పడకూడదు, పెట్రోలియం గ్రీజు అసలే వద్దు. వెనక డ్రమ్ముల దగ్గర ఇంకో ఇబ్బంది. వీల్ సిలిండర్ కప్పుల పెదవులు లోపలి ఒత్తిడికి బయటికి తెరుచుకుని పట్టేలా చేసినవి. లోపలికి లాగితే పెదవి ముడుచుకుని కప్పు పక్కనుంచే గాలి దూరొచ్చు. అంటే గాలి తీయబోయి గాలి పెట్టడం! అందుకే పంపుతో లాగిన తర్వాత వెనక చక్రాలకు పెడల్ తొక్కి చివరి విడత తీయడం తప్పనిసరి.

అయినా ఈ పెట్టెను తీసిపారేయలేం. గేజీకి అసలు పని బూస్టర్ దగ్గర ఉంది. డీజిల్ ఇంజనుకి బూస్టరు వాక్యూమ్ వేరే పంపు నుంచి వస్తుంది, చాలా బండ్లలో అది ఆల్టర్నేటర్ వెనక ఉంటుంది. బూస్టర్‌కి పోయే హోస్ విప్పి, గేజీ తగిలించి, ఇంజను నడపండి. పాదరసం అంగుళాల్లో 20 దాటి నిలకడగా ఉండాలి. ఇంజను ఆపి, బూస్టర్ వైపు చేతి పంపుతో 20 దాకా లాగి ఉంచితే ముల్లు చప్పున పడిపోకూడదు. పెడల్ గట్టిగా, బ్రేకు పట్టనట్టుగా ఉన్న బండికి ఈ పరీక్ష బంగారం. మెత్తటి పెడల్‌కి మాత్రం బూస్టరు కారణం కావడం అరుదు. కొత్త మాస్టర్ వేసినప్పుడు బూస్టరు రాడ్డుకీ పిస్టన్‌కీ మధ్య సందు ఎక్కువ వదిలితే మొదటి తొక్కు వృథాగా పోతుంది, అదొక్కటి మినహాయింపు. రాడ్డు మరీ పొడుగు చేస్తే ఇంకో ప్రమాదం, ఆయిల్ తిరిగి పోయే రంధ్రం మూసుకుని చక్రాలు పట్టేస్తాయి.

కొన్న రోజే ట్యూబు కొస వేలితో మూసి 20 అంగుళాలు లాగి, రెండు నిమిషాలు చూడండి. ముల్లు దిగితే డబ్బా మూత రబ్బరు దగ్గర లీకు ఉంది, వెనక్కి ఇచ్చేయండి. డబ్బా ఎప్పుడూ నిలువుగా ఉండాలి. వంగి ఆయిల్ పంపులోకి పోతే లోపలి సీళ్లు చెడిపోతాయి.

వన్‌వే వాల్వు ట్యూబు

పారదర్శకమైన ట్యూబు, మధ్యలో ఆయిల్‌ని బయటికే వదిలే చిన్న వాల్వు. అంతే. ఒంటరిగా ఎయిర్ తీసేవాళ్లకు ఇది వాక్యూమ్ పంపుకన్నా మేలు, ఎందుకంటే ఆయిల్‌ని లోపలి నుంచి తోస్తుంది, మరల దగ్గర గాలి దూరదు. కనిపించే బుడగ నిజమైన బుడగే. ట్యూబు నిప్పిల్ నుంచి ముందు పైకి లేచి, తర్వాత సీసాలోకి దిగేలా కట్టండి, కొస ఆయిల్‌లో మునిగి ఉండాలి. పెడల్ నెమ్మదిగా తొక్కి అంతకన్నా నెమ్మదిగా వదలాలి. ప్రతి ఎనిమిది, పది తొక్కులకీ మాస్టర్ మీది డబ్బాలో ఆయిల్ చూసుకోవాలి. డబ్బా ఒక్కసారి ఎండితే చేసిందంతా మళ్లీ మొదటికి.

దీని బలహీనత వాల్వే. ఆయిల్ ఎండి జిగురు కడితే అతుక్కుంటుంది. వాడాక స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టాలి. పెట్రోలుతో కడిగితే రబ్బరు ఉబ్బుతుంది.

ఏ పనిముట్టు వాడినా పాత మాస్టర్‌తో ఒక జాగ్రత్త ఉంది, దీన్ని పెట్టె మీద ఎవరూ రాయరు. రోజువారీ నడకలో పిస్టన్ బోరులో సగం దూరమే పోతుంది. మిగతా సగంలో ఏళ్ల తరబడి తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. ఎయిర్ తీసేటప్పుడు పెడల్‌ని నేలకు తొక్కితే కప్పు పెదవి ఆ తుప్పు మీద రాసుకుని చిరుగుతుంది. మెత్తటి పెడల్ అని తెచ్చిన బండి జారే పెడల్‌తో తిరిగి పోవడం ఇలాగే. పెడల్ కింద 5 సెంటీమీటర్ల చెక్కముక్క పెట్టి తొక్కండి.

నిప్పిల్ కదలకపోతే బలప్రయోగం వద్దు. భీమవరం, కాకినాడ వైపు చేపల, రొయ్యల లోడ్లు తిరిగే బండ్లలో బాక్సుల నుంచి కారే ఉప్పునీరు వెనక యాక్సిల్ మీదే పడుతుంది. అక్కడ నిప్పిళ్లూ పైపులూ తుప్పుకి బిగుసుకుపోతాయి. ముందు రోజు రాత్రి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, పొద్దున సుత్తితో చిన్నగా తట్టి, వెంట్రుకవాసి బిగించి ఆ తర్వాత విప్పాలి. రింగ్ పానాతోనే. అయినా రాకపోతే వీల్ సిలిండర్ మార్చేయడం చవక.

ప్రెషర్ ట్యాంకు

మాస్టర్ డబ్బా మీద మూత బిగించి, ఆయిల్‌ని గాలి ఒత్తిడితో తోసే ట్యాంకు. పాత బండికి సిద్ధాంతరీత్యా ఇదే మేలు, పెడల్ తొక్కే పనే లేదు కాబట్టి కప్పులకు దెబ్బ తగలదు. 10 నుంచి 15 పీఎస్ఐ చాలు. ఎక్కువ పెడితే ముసలి ప్లాస్టిక్ డబ్బా పగిలి, బ్రేక్ ఆయిల్ ఇంజను గది పెయింటు మీద చిమ్ముతుంది. అలా పడితే వెంటనే నీళ్లు పోసి కడగాలి, లేకపోతే పెయింటు లేస్తుంది.

ఆచరణలో ఇది మూత దగ్గర ఓడిపోతుంది. కిట్టుతో వచ్చే అడాప్టర్లు ఎక్కువగా విదేశీ కార్లవి. గొలుసుతో బిగించే "అన్నిటికీ సరిపోయే" పలక మన పికప్ డబ్బాల మీద కూర్చోవడం కష్టం. అదే మోడల్ పాత మూతకి రంధ్రం చేసి వాల్వు బిగించుకుంటే పనవుతుంది. రోజుకు రెండు మూడు బండ్లు చూసే షెడ్డుకి తగిన వస్తువు. ఒక్క బండి ఉన్నవాళ్లకు దండగ.

తేమ పెన్ను: వద్దు

ఆయిల్‌లో ముంచితే పచ్చ, పసుపు, ఎర్ర దీపాలు వెలుగుతాయి. ఇది నీటిని కొలవదు, ఆయిల్ కరెంటుని ఎంత పోనిస్తుందో కొలిచి నీటిని ఊహిస్తుంది. ఒక్కో ఆయిల్ తయారీలో ఆ గుణం ఒక్కోలా ఉంటుంది. పైగా ముంచేది మాస్టర్ డబ్బాలో, మరిగేది కాలిపర్‌లో. పైన కొత్త ఆయిల్ కలిపి ఉంటే పచ్చ దీపమే వెలుగుతుంది, కింద ఆరేళ్ల ఆయిల్ ఉన్నా సరే. అన్నిటికన్నా ముఖ్యం, చల్లటి మెత్తటి పెడల్‌కి తేమతో సంబంధమే లేదు. ఆ డబ్బుతో ఒక సీసా ఆయిల్ కొని పోయండి.

పనిముట్టు ఏదైనా దారి తప్పే చోట్లు

నాలుగు సార్లు ఎయిర్ తీసినా మెత్తదనం పోలేదంటే పనిముట్టుని తిట్టే ముందు కాలిపర్లు చూడండి. ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ బిగిస్తే నిప్పిల్ కిందికి వస్తుంది. గాలి పైన నిలుస్తుంది, కింది నుంచి ఎంత తీసినా రాదు. నిప్పిల్ ఎప్పుడూ పై అంచునే ఉండాలి.

వరస సంగతి. అమెరికా వీడియోల్లో కుడి వెనక చక్రంతో మొదలుపెడతారు, అక్కడ స్టీరింగు ఎడమన ఉంటుంది. మన మాస్టర్ కుడివైపు ఉంది కాబట్టి దూరపు చక్రం సాధారణంగా ఎడమ వెనకది. అక్కడి నుంచి కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు. యాక్సిల్ మీద పైపు రెండుగా చీలే చోటు ఎటుందో ఒకసారి వంగి చూస్తే సందేహం తీరుతుంది.

లోడుని బట్టి వెనక ఒత్తిడి తగ్గించే వాల్వు ఉన్న బండిని ఛాసిస్ కింద జాకీ పెట్టి లేపితే యాక్సిల్ వేలాడుతుంది. బండి ఖాళీగా ఉందనుకుని వాల్వు వెనక్కి పోయే ఆయిల్‌ని తగ్గిస్తుంది. స్టాండ్లు యాక్సిల్ కిందే పెట్టాలి. ఆ వాల్వు మీద కూడా నిప్పిల్ ఉంటే మాన్యువల్ వరస ప్రకారం దాన్నీ తీయాలి.

డ్రమ్ము అడ్జస్ట్‌మెంట్ ఎయిర్ తీసే ముందే జరగాలి. చక్రం చేత్తో తిప్పినప్పుడు గట్టిగా రాసుకునేదాకా బిగించి, సన్నగా రాసీ రాయనట్టు వదులు చేయాలి. హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌ని ముందే వదులు చేసుకోండి. కేబుల్ బిగుతుగా ఉంటే షూలు పూర్తిగా వెనక్కి రావు, ఆటో అడ్జస్టరు పనిచేయదు. చాలాసార్లు టర్నింగ్ పట్టించి (లేత్ మీద లోపలి వైపు చెక్కించి) పెద్దదైన డ్రమ్ములో కొత్త షూలు వేస్తే వంపులు కలవవు. షూ మధ్యలోనే తగిలి, తొక్కితే విల్లులా వంగి, అచ్చం గాలి ఉన్నట్టే అనిపిస్తుంది. డ్రమ్ము మీద అచ్చుపోసిన గరిష్ఠ వ్యాసం దాటితే డ్రమ్ము మార్చడమే. ముందు కాలిపర్ల స్లైడింగ్ పిన్నులు పట్టేసి ప్యాడ్లు ఏటవాలుగా అరిగినా ఇదే వంగుడు తెలుస్తుంది.

ఆయిల్ తగ్గుతోంది గానీ నేల మీద చుక్క లేదంటే మాస్టర్‌ని బూస్టర్ నుంచి రెండు నట్లు విప్పి కాస్త ముందుకు లాగి చూడండి. వెనక తడి ఉంటే ఆయిల్ బూస్టర్‌లోకి పోతోంది. క్లాంపులు, పంపు, పెన్ను ఏవీ దీన్ని చూపించవు.

కిట్టా, కొత్త మాస్టరా

రబ్బరు కిట్టు చవకే. బోరు అద్దంలా ఉంటేనే దానికి విలువ. గోరు గీరుకునేంత గుంటలు ఉంటే కొత్త కప్పులు వారాల్లో పోతాయి. అల్యూమినియం బోరుని ఎమెరీతో రుద్దితే పైన ఉన్న రక్షణ పూత పోయి ఇంకా త్వరగా చెడుతుంది. కాస్ట్ ఐరన్ బోరు అయితే తేలికపాటి మచ్చలు రుద్దొచ్చు. ఏదైనా కడగడానికి స్పిరిట్టో, కొత్త బ్రేక్ ఆయిలో వాడాలి. డీజిల్, పెట్రోల్ వాడే షెడ్డులో కిట్టు వేయించకపోవడమే మంచిది. వాటి జాడ మిగిలినా కప్పులు ఉబ్బుతాయి. డబ్బా మూత కింది రబ్బరు సాగిపోయి ముడతలు పడి ఉంటే లోపల ఎవరో ఇంజన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో పోసినట్టే. అప్పుడు మాస్టర్ ఒక్కటే మారిస్తే చాలదు, హోసులతో సహా రబ్బరంతా మారాలి.

కొత్త మాస్టర్‌ని బండికి బిగించే ముందు వైస్‌లో పట్టి, రంధ్రాల నుంచి చిన్న ట్యూబులు డబ్బాలోకి తిప్పి, బుడగలు ఆగేదాకా పిస్టన్‌ని నెమ్మదిగా తోయాలి. ఇది చేయని మాస్టర్‌తో చక్రాల దగ్గర ఎంత ఆయిల్ కార్చినా లాభం లేదు.

ఆయిల్ విషయానికొస్తే, డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరాక 140 దాకా. డాట్ 4 కి అవి 230, 155. ఘాట్ రోడ్ల మీద లోడు తిప్పే బండికి డాట్ 4 పోయండి, డాట్ 3 ఉన్న సిస్టంలో ఇబ్బంది లేదు. డాట్ 5 సిలికాన్ ఆయిల్, దాన్ని వీటితో కలపకూడదు. పూర్తిగా మార్చడానికి లీటరు చేతిలో ఉంచుకోవాలి, అర లీటరు సగంలో అయిపోతుంది. పెద్ద క్యాను కన్నా చిన్న సీల్డ్ సీసాలు కొనడం మేలు. తెరిచిన సీసాలో మిగిలింది వచ్చే ఏడాదికి దాచొద్దు, ఎయిర్ తీసేటప్పుడు సీసాలోకి వచ్చిన ఆయిల్ మళ్లీ డబ్బాలో పోయొద్దు.